పక్క గల్లీ మైకు: వెళ్లి మాట్లాడాలా, 100కు కొట్టాలా?

హనుమకొండ గల్లీల్లో గణపతి మండపమైనా, పీరీల పండుగైనా మైకు మోత ఒక్కటే. కాకపోతే అవతలి మతం వాళ్లదే మన చెవికి ఎక్కువ వినిపిస్తుంది, అదో చిత్రం.

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

శ్రమ: ఫోన్ నిమిషం పని. మాట్లాడాలంటే పగటిపూట వెళ్లాలి, ఇచ్చిన చాయ్ తాగాలి, "అన్నా, ఇంట్ల ముసలమ్మకు నిద్ర పడ్తలేదు, స్పీకర్ జర అటు తిప్పుతరా" అనాలి. 'మీవాళ్లు' అన్న మాట నోట రాకూడదు.

రిస్క్: పోలీసులొస్తే ఆ రాత్రికి ఆగుతుంది, పగ మిగులుతుంది. మాటైతే కొందరు లెక్కచేయరు.

చట్టం: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు.

రోజూ ఎదురుపడేవాళ్లైతే ముందు మాటే. బెదిరిస్తే మాత్రం 100కే, అది మన మండపమైనా సరే.