తేలని కేసుల పాడ్‌కాస్ట్‌లు: ఏది ముందు వినాలి, ఏది ఎక్కడ ఆపేయాలి

హత్య కేసులు, మిస్సింగ్ కేసుల పాడ్‌కాస్ట్‌లు అనగానే అందరి నోటా ముందు వచ్చే పేరు ‘సీరియల్’. కానీ ముందు వినాల్సింది అది కాదు. ‘ఇన్ ద డార్క్’ మొదటి సీజన్ వినండి. ఏ షో కష్టపడి తవ్వింది, ఏ షో గొంతు మార్చి వికీపీడియా చదువుతోంది అన్నది ఆ తర్వాత మీకే తెలిసిపోతుంది.

1989 అక్టోబరు 22 రాత్రి, అమెరికాలోని మిన్నెసోటాలో సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊరు. పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్ తమ్ముడితో, స్నేహితుడితో కలిసి షాపులో వీడియో అద్దెకి తీసుకుని ఇంటికి వస్తుంటే ముసుగు మనిషి తుపాకీ చూపించి ఎత్తుకుపోయాడు. పాడ్‌కాస్ట్ విడుదలకి సిద్ధమవుతుండగా, 2016 సెప్టెంబరులో, నేరస్తుడు కోర్టులో ఒప్పేసుకున్నాడు. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న మొదటి ఎపిసోడ్‌కి ముందే తేలిపోయిందన్నమాట. సస్పెన్స్ మీద బతికే షో అయితే అక్కడే చతికిలపడేది. హోస్ట్ మేడలీన్ బారన్ బృందం మాత్రం ఇంకో ప్రశ్న పట్టుకుంది: ఇది తేలడానికి 27 ఏళ్లు ఎందుకు పట్టింది?

జవాబు మొదటి రాత్రిలోనే ఉంది. చుట్టుపక్కల ఉన్నవే కొన్ని ఇళ్లు, ఆ రాత్రి వాటన్నిటి తలుపూ తట్టలేదు. అదే ఏడాది జనవరిలో పక్క ఊళ్లో ఇంకో పిల్లాడిని ఇలాగే ఎత్తుకెళ్లి వదిలేశారు. చివరికి దోషిగా తేలిన మనిషిని పోలీసులు నెలల వ్యవధిలోనే ప్రశ్నించారు, బూట్లూ టైర్లూ తీసుకుని చోటు మీద దొరికిన గుర్తులతో పోల్చి చూశారు, వదిలేశారు. సంఘటన జరిగిన చోటు పక్కనే ఉండే సంగీతం టీచరు మీద మాత్రం ఏళ్ల తరబడి అనుమానం వేలాడింది. ఇవన్నీ ఇరుగుపొరుగుని కలిసి, కాగితాలు తిరగేసి చెప్పినవి. నేపథ్య సంగీతంతో భయపెట్టి చెప్పినవి కావు.

రెండో సీజన్ ఇంకా గట్టిది. 1996లో మిసిసిపీలోని వినోనాలో ఫర్నిచర్ షాపులో నలుగురి హత్య. కర్టిస్ ఫ్లవర్స్ అనే ఒకే మనిషిని, అవే హత్యలకి, ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారణకి నిలబెట్టాడు. బృందం అక్కడే మకాం వేసి, 1992 నుంచి జరిగిన విచారణల రికార్డులు పోగేసి, జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) ఎంపికని లెక్కగట్టింది. ఆ ప్రాసిక్యూటర్ కార్యాలయం నల్లజాతివాళ్లని తెల్లవాళ్లకంటే దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా జ్యూరీలోంచి తప్పించిందని తేల్చింది. ‘జైల్లో నా దగ్గర నేరం ఒప్పుకున్నాడు’ అని కోర్టులో చెప్పిన కీలక సాక్షి, అదంతా అబద్ధమని వీళ్లకే ఫోన్‌లో చెప్పాడు. సుప్రీంకోర్టు 2019 జూన్‌లో శిక్షని కొట్టేసింది, 2020 సెప్టెంబరులో ఆరోపణలు ఎత్తేశారు. ఆ నలుగురినీ చంపిందెవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు. లోపమంటే, తుపాకీ గురించీ సాక్షులు నడిచిన దారి గురించీ నడిచే ఎపిసోడ్లలో పేర్లు కుప్పలుగా వచ్చిపడతాయి. పని చేసుకుంటూ వింటే ఒక్క ముక్క ఎక్కదు.

అందుకే కాగితం దగ్గర పెట్టుకోవాలి. మూడు గీతలు కొట్టండి: సమయం, చెప్పిందెవరు, దానికి కాగితం ఉందా. మూడో గడి ఖాళీగా ఉన్న చోటల్లా కథ నోటి మాట మీద నిలబడినట్టే.

‘సీరియల్’ మొదటి సీజన్‌ని (2014, పన్నెండు ఎపిసోడ్లు) ఈ పద్ధతిలో వింటే దాని బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. 1999 జనవరి 13న బాల్టిమోర్ దగ్గర హే మిన్ లీ అనే విద్యార్థిని మాయమైంది, ఫిబ్రవరి 9న లీకిన్ పార్కులో శవం దొరికింది. మాజీ ప్రియుడు అద్నాన్ సయ్యద్‌కి యావజ్జీవం పడింది. ప్రాసిక్యూషన్ లెక్క ప్రకారం బడి వదిలింది మధ్యాహ్నం 2:15కి, హత్య అయిపోయిందంటూ స్నేహితుడికి అద్నాన్ నుంచి ఫోన్ వచ్చింది 2:36కి. మధ్యలో 21 నిమిషాలు. హోస్ట్ సారా కోనిగ్, ఆమె ప్రొడ్యూసరు ఆ దారిలో కారు నడిపి చూసిన ఎపిసోడ్ ఇప్పటికీ ఈ తరహాలో పాఠంలాంటిది.

మూడో గడి నింపేటప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. ఆ సాయంత్రం 7:09కి, 7:16కి అద్నాన్ సెల్‌ఫోన్‌కి వచ్చిన రెండు కాల్స్ లీకిన్ పార్కు వైపు ఉన్న టవర్‌ని తాకాయి, కాబట్టి ఫోన్ ఆ పార్కులో ఉందని వాదన. అయితే ఆ రికార్డులతో పాటు ఫోన్ కంపెనీ పంపిన ఫ్యాక్స్ పై పేజీలో హెచ్చరిక ఉంది: చేసిన కాల్స్‌నే లొకేషన్‌కి నమ్మాలి, వచ్చిన కాల్స్‌ని నమ్మకూడదు అని. ఆ రెండూ వచ్చిన కాల్సే. ఈ పేజీని పైకి తీసింది ‘సీరియల్’ కాదు, 2015లో దాని వెనకాలే వచ్చిన ‘అన్‌డిస్‌క్లోజ్డ్’. డిఫెన్స్ లాయరు దీని మీద ప్రాసిక్యూషన్ తెచ్చిన టవర్ల నిపుణుణ్ని నిలదీయలేదన్న కారణంతోనే 2016లో ఒక జడ్జి మళ్లీ విచారణ జరపమన్నాడు. 2019లో పైకోర్టు దాన్ని తోసేసింది. 2022లో శిక్ష రద్దయింది, 2023లో మళ్లీ నిలబడింది, 2025లో గడిపిన కాలమే శిక్షగా సరిపెట్టారు, దోషి అన్న తీర్పు మాత్రం అలాగే ఉంది. కాబట్టి సీజన్ అయిపోయిందని కేసు అయిపోయిందనుకోకండి. ఇంకో మాట, చనిపోయిన అమ్మాయి కుటుంబం గొంతు పన్నెండు ఎపిసోడ్లలో ఎక్కడా వినపడదు. హోస్ట్ ఊగిసలాటకి దొరికిన చోటు ఆ కుటుంబానికి దొరకలేదు.

‘ద టీచర్స్ పెట్’ జాగ్రత్తగా వినాల్సిన సరుకు. సిడ్నీలో 1982 జనవరిలో మాయమైన లినెట్ డాసన్ కేసుని 2018లో హెడ్లీ థామస్ తవ్వాడు. భర్తని విచారించాలని ఇద్దరు కరోనర్లు (అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారులు) అంతకుముందే చెప్పినా ప్రాసిక్యూషన్ కదల్లేదు. పాడ్‌కాస్ట్ వచ్చిన ఏడాదే అరెస్టు, 2022లో జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కడే విచారించి దోషిగా తేల్చి 24 ఏళ్లు వేశాడు. శవం దొరకనే లేదు. ఇంత సాధించిన షోకి వంక ఏమిటంటే, హోస్ట్ మొదటి నుంచీ తీర్పు చెప్పేస్తాడు. ఒక సాక్షి జ్ఞాపకం ఇంకో సాక్షి చెవిన పడ్డాక, నలభై ఏళ్ల నాటి విషయంలో ఏది సొంతంగా గుర్తున్నది, ఏది విన్నది అనేది వాళ్లకే తెలియదు. షో వల్ల కొన్ని సాక్ష్యాలు ఎందుకూ పనికిరాకుండా పోయి ఉండొచ్చని జడ్జి కూడా తీర్పులో అన్నాడు. దీన్ని వేగంగా వినండి, ఊహాగానాలు వచ్చినప్పుడు ముందుకి జరపండి.

పోలిస్తే ‘యువర్ ఓన్ బ్యాక్‌యార్డ్’ చాలా నెమ్మది. 1996 మేలో కాలిఫోర్నియాలో కాలేజీ హాస్టల్‌కి తిరిగి వెళ్తూ మాయమైన క్రిస్టిన్ స్మార్ట్ కేసు. క్రిస్ లాంబర్ట్ జర్నలిస్టు కాదు, సంగీతం చేసుకునేవాడు. 2019లో ఒక్కడే మొదలుపెట్టాడు. తెలిసిందేదో, అనుకుంటున్నదేదో విడదీసి చెప్తాడు. కొత్త సాక్షులు దొరికితే పోలీసుల దగ్గరికి పంపాడు. 2021లో అరెస్టు, 2022లో దోషిగా తీర్పు, 2023 మార్చిలో 25 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకూ శిక్ష. ఈ నెమ్మది కొందరికి విసుగు పుట్టిస్తుంది, నిజమే. మిస్సింగ్ కేసుకి ఇదే సరైన నడక.

డీఎన్‌ఏ సంగతి అర్థం కావాలంటే ‘బేర్ బ్రూక్’. న్యూహాంప్‌షైర్ అడవిలో 1985లో ఒక పీపాలో ఒక స్త్రీ, ఒక పాప శవాలు దొరికాయి. దాదాపు వంద గజాల అవతల ఉన్న రెండో పీపాని, అందులోని ఇంకో ఇద్దరు పాపల్ని 2000 దాకా ఎవరూ చూడలేదు. పోలీసుల డేటాబేస్ డీఎన్‌ఏలో ఇరవై చోట్లనే చూస్తుంది. ఆ మనిషి వివరాలు అందులో ముందే ఉంటేనే పనికొస్తుంది. వంశవృక్షం పద్ధతి లక్షల చోట్లు పోలుస్తుంది, ఎంత పొడవు కలిసిందో సెంటీమోర్గాన్లలో కొలుస్తుంది. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 850 పైచిలుకు, తాతలు అన్నదమ్ములైతే ఆ మనవల మధ్య 230 దరిదాపు, ఇంకో తరం దూరమైతే 70 పైచిలుకు. ఆ దూరపు చుట్టం నుంచి పైకి ముత్తాతల దాకా చెట్టు గీసి, మళ్లీ కిందికి దిగుతూ వయసు, ఊరు కుదిరే మనిషిని పట్టాలి. పరీక్షశాల పని కంటే ఈ గీత పనికే ఎక్కువ కాలం పడుతుంది. ‘డీఎన్‌ఏ దొరికింది, ఇక రేపో మాపో తేలిపోతుంది’ అనే హోస్టుకి ఈ పని తెలియదని అర్థం. 2018లో వచ్చిన షో ఇది. 2019లో ముగ్గురికి పేర్లు దొరికాక అదనపు ఎపిసోడ్లు చేర్చారు, వాటిని వదలకండి.

ఇక వారం వారం ఒక కేసు వండివార్చే షోలు. ‘కేస్‌ఫైల్’ పేరు చెప్పని ఆస్ట్రేలియన్ గొంతు, కబుర్లుండవు, వరసగా చెప్పుకుపోతాడు, చాలు. ‘క్రైమ్ జంకీ’ మీద 2019 ఆగస్టులో ఇతరుల రాతలు పేరు చెప్పకుండా వాడుకున్నారన్న ఆరోపణ వచ్చింది, కొన్ని ఎపిసోడ్లు తీసేశారు. అప్పటి నుంచి ఈ తరహా షో ఏది విన్నా వివరణలో ఆధారాల జాబితా ఉందో లేదో ముందు చూడటం మంచిది. మిస్సింగ్ ఎపిసోడ్ అయితే ఇంకో పరీక్ష ఉంది. ‘చివరిసారి కనిపించింది’, ‘చివరిసారి ఖాయంగా మాట్లాడింది’ అన్న రెండు సమయాల్నీ విడిగా చెప్పాలి. కేసు చూస్తున్న పోలీసు ఫోన్ నంబరు చదవాలి. అమెరికా కేసైతే నామస్ అనే ప్రభుత్వ డేటాబేస్ నంబరు ఇస్తే ఇంకా మేలు, ఎత్తు, బట్టలు, పళ్ల రికార్డు ఉందో లేదో మనమే చూసుకోవచ్చు. ఇవేవీ లేకుండా నలభై నిమిషాలు భర్త నవ్వు గురించి మాట్లాడే ఎపిసోడ్ ఎవరికీ ఉపయోగపడదు.

నోట్సులో నిమిషాలు రాసుకోవద్దు. యాడ్స్ వినే చోటుని బట్టీ రోజుని బట్టీ మారుతుంటాయి, ఇవాళ 23వ నిమిషంలో విన్న మాట వచ్చే నెల 26లో ఉంటుంది. ఎపిసోడ్ నంబరు వేసి, ఆ మాటకి ముందు వచ్చిన వాక్యం రాసుకోండి.