మామిడి ఎండుతోంది: కొమ్మ ముందు చూడాలా, మొదలు ముందు చూడాలా?

పెరటి మామిడికి ఒక కొమ్మ ఎండగానే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చేయి కత్తి మీదకే పోతుంది. ఎండినంత మేర కోసి, గాటుకు మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూస్తాం. నేనూ రెండేళ్లు అదే చేశాను. మూడో ఏడు చెట్టే పోయింది. నాన్న నాటిన చెట్టు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా చెట్టు మొదలే ముందు చూడమంటాను.

కొమ్మను చూస్తే ఏమీ తెలియదని కాదు. బెరడు గోటితో గీరితే లోపల పచ్చగా ఉన్నంత వరకు ప్రాణం ఉన్నట్టే. కొస నుంచి కిందికి ఎండుతూ, ఆకులు మాడి ముడుచుకుని రాలకుండా వేలాడుతూ, నిలువునా చీల్చిన పుల్లలో గోధుమ రంగు చార కనిపిస్తే అది లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో బాగా బయటపడుతుంది. ఎండిన చోటుకు మూడు అంగుళాల కింద, పచ్చి భాగంలో కోసి, ఆ పుల్లలను కాల్చేయాలి. పేస్టుకు కిలో మైలతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో కలపకూడదు.

అయితే చెట్టు మొదట్లో చేటు ఉన్నా పైన కొమ్మే ఎండుతుంది, నీరు ఎక్కదు కాబట్టి. మాను మీద రంధ్రం, కింద రంపపు పొట్టులాంటి పిప్పి, కారిన జిగురు కనిపిస్తే లోపల కాండం తొలిచే పురుగు ఉంది. మా చెట్టుకు జరిగింది ఇదే. పిప్పి గడ్డిలో కలిసిపోయి కంటపడలేదు. జీడిమామిడిలో ఇది మరీ ప్రమాదం. మట్టి మట్టంలోనే చేరి, బెరడును చుట్టూ సగానికి మించి తినేసిందంటే చెట్టు దక్కదు.

గాలివాన దెబ్బ వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒరిగి నిలిచిన చెట్లకు వేళ్లు తెగాయి. వాటికి కావలసింది ఊత, మొదట్లో మట్టి. మందులతో పని లేదు.

రెండు మూడేళ్ల అంటు మొక్కకైతే కొమ్మ నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు, మాను సన్నంగా కళ్లెదుటే ఉంటుంది. పెద్ద చెట్టుకు మాత్రం గడ్డి పీకి, మొదలు చుట్టూ జానెడు లోతు మట్టి తీసి చూడండి.

పోయిన ఏడు వదిన వాళ్ల పెరట్లో అలాగే చూశాం. మోకాలెత్తులో రంధ్రం ఉంది. తీగ పెట్టి లాగితే వేలెడంత తెల్లటి పురుగులు రెండు వచ్చాయి. రంధ్రాన్ని బంకమట్టితో మూసి, ఎండిన కొమ్మలు ఆ తర్వాత కోశాం. ఈ ఏడు పైన చిగురు వేసింది.