పెరుగు కోసం కొన్న బండి: ఆర్‌వీ వెనక స్కూటర్ తగిలించుకుని టాంపా నుంచి కీ వెస్ట్ దాకా

రెండేళ్ళ కిందట ఓ శనివారం సాయంత్రం, క్యాంప్‌గ్రౌండ్‌లో కుక్కర్ మూడో విజిల్ వేశాక చూసుకుంటే ఫ్రిజ్‌లో పెరుగు లేదు. కొట్టు నాలుగు మైళ్ళే. కానీ మా ఆర్‌వీ, అంటే వంటగది, పడకలతో ఇల్లులా ఉండే మోటారు బండి, 24 అడుగులుంటుంది. అది కదలాలంటే కరెంటు తీగ పీకాలి, నీళ్ళ గొట్టం విప్పాలి, మురుగు గొట్టం విప్పి కడగాలి, స్లయిడ్ (పక్కకి జరిపిన గది భాగం) లోపలికి లాగాలి, బయట పరిచిన చాప, కుర్చీలు సర్దాలి, స్టవ్ మీద ఉన్నవన్నీ సింకులో పెట్టాలి. తిరిగొచ్చాక మళ్ళీ అన్నీ మొదటి నుంచి. మా వారికి పెరుగన్నం తినకపోతే భోజనం పూర్తయినట్టే ఉండదు. ఆ రాత్రి నీళ్ళు తాగి పడుకున్నారు. తెల్లారి లేచి చూస్తే ఫోన్‌లో స్కూటర్లు చూస్తూ కనిపించారు.

"ఇంట్లోలాగా తోడు పెట్టుకోవచ్చు కదే" అని మా అత్తయ్యగారు ఫోన్‌లో అన్నారు. కుదుపుల్లో పెరుగు తోడుకోదు అత్తయ్యా, నీళ్ళు నీళ్ళుగా విరుగుతుంది. ఇదీ అనుభవంతోనే చెబుతున్నాను.

వెనక కారు కట్టుకుని వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేమూ ఆలోచించాం. నాలుగు చక్రాలూ నేల మీద ఉండేలా కట్టి లాగితే బండి రివర్స్ చేయడానికి ఉండదు. దారి తప్పి గ్యాస్ స్టేషన్‌లో ఇరుక్కుంటే కారు విప్పుకోవాల్సిందే. అందుకని స్కూటర్.

మొదట 50 సీసీ హోండా మెట్రోపాలిటన్ చూశాం. 180 పౌండ్ల లోపు బరువు, మేముండే ఫ్లోరిడాలో 50 సీసీ దాకా మామూలు కారు లైసెన్సే చాలు. బాగుందనుకున్నాం గానీ, అది ఒక్కరు ఎక్కే బండి. వెనక కూర్చునేవాళ్ళకు కాళ్ళు పెట్టుకునే చోటు కూడా ఉండదు. విజయవాడలో ఒక్క చేతక్ మీద మా నాన్న, అమ్మ, మేమిద్దరం, మధ్యలో సంచీ. ఆ లెక్కలో పెరిగిన మనకి ఇద్దరికి రెండు స్కూటర్లంటే మింగుడుపడదు. పైగా రెండు వేసుకుంటే బరువూ రెట్టింపు.

చివరికి తీసుకున్నది హోండా నవీ. 109 సీసీ, 236 పౌండ్లు, గేర్లు లేవు, ఇద్దరు కూర్చోవచ్చు. మేం కొన్నప్పుడు కంపెనీ ధర 1,807 డాలర్లు. ఇది నిజానికి మన దేశం బండే. హోండా వాళ్ళు 2016లో ఇండియాలో యాక్టివా ఇంజిన్‌తో వదిలారు, ఇప్పుడు అమెరికాకి మెక్సికోలో తయారై వస్తోంది. స్టార్ట్ చేయగానే ఆ శబ్దం విని మా వారు "ఇది బెంజ్ సర్కిల్ శబ్దం" అన్నారు.

50 సీసీ దాటింది కాబట్టి ఫ్లోరిడాలో లైసెన్సు మీద మోటార్ సైకిల్ ఎండార్స్‌మెంట్ కావాలి, దానికి బేసిక్ రైడర్ కోర్సు చేయాలి. క్లచ్ ఉన్న బళ్ళ మీద నేర్పుతారు. నాకు కాలేజీ రోజుల స్కూటీ తప్ప వేరే అనుభవం లేదు. మా వారు పదేళ్ళు తెనాలిలో చేతక్ నడిపిన మనిషి. ఇరుకు గడిలో యూ టర్న్ తీసుకునే పరీక్షలో ఆయన రెండుసార్లు కాలు కింద పెట్టి, గీత దాటి, తప్పారు. నేను అంచు మార్కులతో గట్టెక్కాను. తరవాతి వారం ఆయనా పాసయ్యారనుకోండి, ఆ వారం రోజులూ మాత్రం ఇంట్లో డ్రైవర్ని నేనే.

స్కూటర్‌ని మోయడానికి ఆర్‌వీ వెనక తగిలించే కారియర్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. హిచ్ (బండి వెనక తగిలించుకునే ఇనుప కొక్కెం) 5,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉంటే అంత బరువు దాని మీద పెట్టొచ్చని కాదు. నేరుగా పైన పడే బరువుకి వేరే పరిమితి ఉంటుంది, మా దానికి 500. ఇనుప కారియర్, రాంపు, బండి కలిపి మాకు 320 దాకా వచ్చింది. సరిపోయింది. రెండు స్కూటర్లు వేసి ఉంటే అంచుల్లో ఉండేవాళ్ళం. ఇలాంటి బళ్ళకి వెనక చక్రాల తరవాత చాలా భాగం గాల్లో వేలాడుతుంది, గుంటలో పడినప్పుడల్లా ఆ చివర కొరడాలా ఊగుతుంది.

అది మాకు కీ వెస్ట్ దారిలో, దక్షిణ ఫ్లోరిడాని అడ్డంగా దాటే అలిగేటర్ ఆలీ హైవే మీద తెలిసొచ్చింది. రెస్ట్ ఏరియాలో కాఫీకి ఆగి వెనక్కి వెళ్ళి చూస్తే, ఎడమవైపు ముందు పట్టీ కారియర్ అంచుకి ఒరుసుకుని సగం తెగి ఉంది. దారపు పోగులు బయటికి వచ్చి గాలికి ఊగుతున్నాయి, నవీ కుడివైపుకి తల వాల్చేసింది. ఇంకో గంట పోయి ఉంటే 70 మైళ్ళ వేగంలో వెనక కారు మీదికి. చేతులు వణికాయి. తప్పు కారియర్‌ది కాదు, మాదే. ఇప్పుడు అంచు తగిలే ప్రతి చోటా పాత జీన్స్ ముక్క చుడతాం, నాలుగు పట్టీలకు తోడు అయిదోది వదులుగా కడతాం, బయలుదేరిన మొదటి 20 మైళ్ళకే ఆగి బిగుతు చూస్తాం. రాజమండ్రి బ్రిడ్జి మీద లారీ డ్రైవర్లు టైర్లు తట్టి చూసినట్టు ఇప్పుడు నేను పట్టీలు తట్టి చూస్తున్నాను.

అంతకుముందు ఒకసారి రిహార్సల్‌గా ఇంటి దగ్గర్లోనే ఫోర్ట్ డి సోటోకి వెళ్ళాం. సెయింట్ పీటర్స్‌బర్గ్ కింద, అయిదు దీవులు కలిసిన కౌంటీ పార్క్. ఆర్‌వీకి స్కూటర్ తోడైతే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. క్యాంపు, బీచ్, చేపల వంతెన, 12 అంగుళాల మోర్టార్ ఫిరంగులున్న పాత కోట, అన్నీ పార్క్ లోపలే, నెమ్మదిగా సాగే రోడ్డు మీదే. ఏడు మైళ్ళ పక్కా బాట ఒకటి ఉంది గానీ అది సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ మాత్రమే, దాని మీదికి బండి ఎక్కించకూడదు. పొద్దున్నే నార్త్ బీచ్‌కి వెళ్ళి, ఇడ్లీకి తిరిగొచ్చి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. కార్ల వాళ్ళు పార్కింగ్ కోసం తిరుగుతుంటే మేం మూలన ఆపి దిగిపోయాం.

దీనికి పూర్తి వ్యతిరేకం మధ్య ఫ్లోరిడాలో ఒక ప్రైవేట్ రిసార్ట్. స్విమ్మింగ్ పూల్, బింగో హాలు, అన్నీ ఉన్నాయి. చెక్ ఇన్ దగ్గర అమ్మాయి నవ్వుతూ కాగితం ఇచ్చింది: మోటార్ బైకులు గేటు నుంచి మీ సైట్ దాకా, సైట్ నుంచి గేటు దాకా మాత్రమే. లోపల తిరగడానికి వీల్లేదు. తిరగాలంటే గోల్ఫ్ కార్ట్ అద్దెకు తీసుకోండి. బుక్ చేసినప్పుడు "మోటార్ సైకిళ్ళు అనుమతిస్తాం" అనే ఉంది. అబద్ధం కాదు, అనుమతించారు, నిలబెట్టుకోవడానికి. ఎదుటి సైట్‌లో డీజిల్ ట్రక్కు పొద్దున పావుగంట ఊరికే ఆన్‌లో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు గానీ మా నవీ లాండ్రీ గది దాకా వెళ్ళకూడదు. ఒప్పుకోవాల్సింది కూడా ఉంది: పిల్లలకి డర్ట్ బైకులిచ్చి రాత్రిదాకా గుండ్రంగా తిప్పించే జనాలు లేకపోతే ఈ రూల్ పుట్టేదే కాదు. అప్పటి నుంచి ఎక్కడ బుక్ చేసినా ముందు ఫోన్ చేసి, "లోపల నడపొచ్చా, ఎక్కడ ఆపాలి" అని రెండూ విడివిడిగా అడుగుతున్నాను.

ఇక అసలు యాత్ర, కీస్. ఫ్లోరిడా దక్షిణపు కొసన వంతెనలతో కలిపిన దీవుల వరస అది, రోడ్డు ఆఖరి ఊరు కీ వెస్ట్. ఫిబ్రవరిలో తొమ్మిది రాత్రులు.

బాహియా హోండా స్టేట్ పార్క్‌లో చోటు దొరకడమే ఒక పరీక్ష. ఫ్లోరిడా వాసులకి 11 నెలల ముందు, బయటివాళ్ళకి 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. ఆ ఒక్క నెల తేడా వల్లే మాకు దొరికింది. రాత్రికి 36 డాలర్లు, కరెంటు నీళ్ళు పన్నులు విడిగా. సముద్రం పక్కన ఆ ధరంటే చవకే. ఇక్కడ సైట్ల వరసల్ని లూప్‌లంటారు, మేం బటన్‌వుడ్ లూప్‌లో ఆగాం. అవతల బేసైడ్ లూప్‌కి వెళ్ళాలంటే హైవే వంతెన కింద 6 అడుగుల 8 అంగుళాల ఎత్తే ఉంటుంది, ఆర్‌వీ పట్టదు. నవీ మీద తల కూడా వంచకుండా వెళ్ళొచ్చాం.

సైట్ నుంచే హెన్రీ ఫ్లాగ్లర్ అనే వ్యాపారి వేయించిన పాత రైలు వంతెన కనిపిస్తుంది. 1912లో కీ వెస్ట్‌కి రైలు చేరింది, 1935 తుఫానులో లైను కొట్టుకుపోయింది. తరవాత దాన్ని రోడ్డు చేయాలనుకుంటే, పట్టాలకి మాత్రమే సరిపోయే ఇరుకు కాబట్టి, రోడ్డును వంతెన నెత్తిన వేశారు. ఇప్పుడు మధ్యలో కోసేసి ఉంది. సాయంత్రం దాన్ని చూస్తూ టీ తాగడానికి స్కూటర్ అక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఈ పార్క్ లోపల స్కూటర్‌తో పెద్ద పని లేదు, అంతా నడిచేంత దూరమే.

పార్క్ దాటితే మాత్రం ఒకే రోడ్డు, యూఎస్ 1. మా వారికి సెవెన్ మైల్ బ్రిడ్జి మీద నవీలో వెళ్ళాలని కోరిక. నేను ససేమిరా అన్నాను. అటొక లేను, ఇటొక లేను, 55 మైళ్ళ వేగం, ఇద్దరం కూర్చుంటే మా బండి 45 దాటాలంటే ఆయాసపడుతుంది, పక్కనుంచి సముద్రపు గాలి. వెనక ట్రక్కు హారన్ కొడితే ఇరకాటమే. వచ్చేటప్పుడు ఆర్‌వీలోనే దాటాం, అదీ ఆయనకి సరిపోయింది. పక్కనున్న పాత వంతెనను పిజియన్ కీ దాకా 2.2 మైళ్ళు బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచారు, అక్కడ నడకకీ సైకిల్‌కీ తప్ప సొంత మోటారు బళ్ళకి చోటు లేదు.

పడమరగా బిగ్ పైన్ కీకి మాత్రం వెళ్ళాం, పెరుగు కోసమే. మొదటి వంతెన మీద కార్లు ఒక్కొక్కటే దాటుతూ పోతుంటే నాకు టెన్షన్. బిగ్ పైన్ చేరాక పరిస్థితి మారిపోయింది. అక్కడ కీ డీర్ అనే పొట్టి జింకలుంటాయి, వాటి కోసం హైవే మీదే పగలు 45, రాత్రి 35 మైళ్ళకి వేగం కట్టేశారు. ఆ జింకల పుణ్యమా అని నవీకి అందరితో సమానంగా నడిచే రోడ్డు ఒకటి దొరికింది.

పెరుగు, అరటిపళ్ళు డబ్బాలో వేసుకుని, లోపలి రోడ్ల మీదుగా చిన్న వంతెన దాటి నో నేమ్ కీకి వెళ్ళాం. పొద్దు వాలుతోంది. ఇంజిన్ ఆపి దిగామో లేదో, పొదలోంచి ఒక ఆడజింక వచ్చి రోడ్డు మధ్య నిలబడింది. మా ఊరి మేకంత ఉంది. చెవులు తిప్పి, నాలుగడుగులు వేసి, నవీ ముందు చక్రాన్ని వాసన చూసింది. మెడ మీద జోరీగ వాలితే చర్మం ఒక్కచోటే అదిరింది, అంత దగ్గర. డబ్బాలో అరటిపళ్ళున్నాయి, మా వారి చెయ్యి అటు పోయింది. "ఏవండీ, వద్దు" అన్నాను. మేత పెట్టడం చట్టరీత్యా నేరం, అలవాటైతే కార్లకి ఎదురెళ్ళి చస్తాయి. కారులో అయితే అద్దంలోంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళం. ఒకటే తప్పు చేశాం, నిక్కర్లు వేసుకుని వెళ్ళాం. చీకటిపడ్డాక కంటికి కనబడని దోమలు కాళ్ళని జల్లెడ చేశాయి.

అక్కడి నుంచి స్టాక్ ఐలాండ్‌లో ఒక ప్రైవేట్ పార్క్‌కి మారాం. సైట్లు ఇరుకు, పక్కవాళ్ళ గురక వినిపిస్తుంది, రేటు స్టేట్ పార్క్‌కి మూడు రెట్ల పైన. అయినా నవీ తన ఖరీదు రాబట్టుకున్నది ఇక్కడే. కీ వెస్ట్ పాత ఊరు అయిదారు మైళ్ళు. వీధులు మన సత్యనారాయణపురం సందుల్లా ఉంటాయి, ఆర్‌వీతో వెళ్ళాలనుకోవడం పిచ్చితనం. రోడ్డు మీద సగం జనం స్కూటర్ల మీదే, కోళ్ళు అడ్డం వస్తుంటాయి, ఎవరూ హారన్ కొట్టరు. నాలుగు రోజులు మ్యాలరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం, డువాల్ వీధి, దక్షిణపు కొస దగ్గర ఫొటో క్యూ, రాత్రి పదికి తిరిగి రావడం. గేటు దగ్గర నిశ్శబ్ద వేళలు మొదలయ్యాయి కాబట్టి ఇంజిన్ ఆపి సైట్ దాకా తోసుకెళ్ళాం. ఎవరూ అడగలేదు, అయినా తోశాం.

ఇరవయ్యొక్కేళ్ళు దాటి, పదివేల డాలర్ల వైద్య బీమా ఉంటే ఫ్లోరిడాలో హెల్మెట్ తప్పనిసరి కాదు. కీ వెస్ట్‌లో చాలామంది పెట్టుకోరు. మేం పెట్టుకున్నాం, ఆ వేడిలో మా వారు సణుగుతూనే ఉన్నారు.

కీ వెస్ట్ ఒక్కటే చూడాలనుకునేవాళ్ళు స్కూటర్ మోసుకెళ్ళక్కర్లేదు. ఊరినిండా అద్దె దుకాణాలే. నాలుగు రోజులకి మించి ఉంటేనో, మాలాగా ఏడాదికి అయిదారు ట్రిప్పులు వేస్తేనో సొంతది లాభం. ఉప్పుగాలి సంగతి కూడా లెక్కలో వేసుకోండి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగాం గానీ కారియర్ పిన్ను మరిచిపోయాం. తుప్పు పట్టి బిగుసుకుపోయి, సుత్తితో కొడితే గానీ రాలేదు.

వచ్చే అక్టోబర్‌లో యూటా, జయాన్ నేషనల్ పార్క్. షటిల్ బస్సులు తిరిగే నెలల్లో అక్కడి సీనిక్ డ్రైవ్ మీదికి సొంత బళ్ళని, మోటార్ సైకిళ్ళతో సహా, రానివ్వరు. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి బస్సు దగ్గరికి నడిచే వెళ్ళొచ్చు. అందుకని ఈసారి నవీ గరాజ్‌లోనే ఉంటుంది. మా వారు మాత్రం బయలుదేరే ముందు రెండు గిన్నెలు పెరుగు ఎక్కువ తోడు పెట్టమని ఇప్పటినుంచే చెబుతున్నారు.