స్కీయింగ్‌కు వాల్ థొరెన్సా, బాన్స్కోనా?

గ్యాంగ్‌లో సగం మంది మంచు మీద ఎప్పుడూ కాలు పెట్టనివాళ్లయితే నా ఓటు బల్గేరియాలోని బాన్స్కోకే. గది, తిండి, స్కీ క్లాసులు అన్నీ ఫ్రాన్స్‌లోని వాల్ థొరెన్స్ కంటే బాగా చవక. ఒక్కటే తలనొప్పి: ఊరు కింద, వాలులు పైన. ఎక్కడానికి ప్రధానంగా ఒకే గొండోలా, అంటే కేబుల్ కార్. సీజన్‌లో పొద్దున తొమ్మిదికి వెళ్తే తిరుమల క్యూ గుర్తొస్తుంది.

వాల్ థొరెన్స్ ఉన్నదే 2,300 మీటర్ల ఎత్తులో. ఏప్రిల్‌లోనూ మంచుకు ఢోకా ఉండదు. చాలా హోటళ్లలో తలుపు తీసి స్కీలు బిగిస్తే చాలు, జారిపోవడమే. ఒకదానితో ఒకటి కలిసే మూడు లోయల్లో మొత్తం 600 కిలోమీటర్ల స్కీ దారులు! చేయి తిరిగినవాళ్లకు, అంటే కాలు తిరిగినవాళ్లకు, పండగే. కానీ అంత ఎత్తులో చెట్టన్నది కనిపించదు. మబ్బు దిగిందంటే నేలేదో ఆకాశమేదో తెలియదు. ఇక కాఫీ బిల్లు చూశాక రెండోది ఎవరూ అడగరు.