పిల్లల కోసం చీమల ఇళ్ళు: జెల్ పెట్టె, ఇసుక పెట్టె, టెస్ట్‌ట్యూబు - చాలాకాలం వాడాక

చీమల్ని పెంచుతానని పిల్లలు అడగ్గానే పెద్దలు ఎక్కువగా కొనేది నీలం జెల్ పెట్టె. 2003లో కొలంబియా వ్యోమనౌకలో చీమల్ని జెల్‌లో పెట్టి పంపారు. ఆ తర్వాతే ఇవి బొమ్మల కొట్లకు వచ్చాయి. సొరంగాలు స్పష్టంగా కనబడతాయి, నిజమే. కానీ చీమలకు ఇల్లూ మేతా ఆ జెల్లే; అందులో తీపి, తేమ తప్ప మాంసకృత్తులు లేవు కాబట్టి లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పురుగులాంటి పిల్లలు) పెరగవు. పైగా అందులో వేసేది రాణి లేని పనిచీమల్నే. అవి ఒక్కొక్కటే చనిపోతుంటే వాటి మీద పుట్టిన బూజు జెల్‌కీ పాకుతుంది. మన గండుచీమలు ఆ జెల్‌ని సరిగా తవ్వనే తవ్వవు. పిల్లలకు అందులో చావు తప్ప పుట్టుక కనబడదు. కొనొద్దనే చెబుతాను.

రెండు అద్దాల మధ్య ఇసుక పోసిన పెట్టె కొంత నయం. అద్దాల మధ్య సెంటీమీటరుకు మించి ఎడం ఉండకూడదు. నాలుగు పాళ్ళ సన్న ఇసుకకు ఒక పాలు బంకమట్టి కలిపి తడిపితే సొరంగాలు నిలుస్తాయి; ఒట్టి ఇసుక ఆరగానే కూలిపోతుంది. అయితే చీమలు గదుల్ని అద్దానికి దూరంగా తవ్వుకుంటే రాణి కంటపడదు.

ఇక టెస్ట్‌ట్యూబు. ల్యాబ్ సామాను అమ్మే కొట్లో దొరికే 18 × 150 మిల్లీమీటర్ల మామూలు గాజు గొట్టం చాలు. మూడోవంతు నీళ్ళు పోసి, దూది ఉండను నీటికి తగిలేదాకా పెన్సిలుతో నెట్టాలి. మధ్యలో గాలి బుడగ మిగలకూడదు. ఎండ తగిలినప్పుడు బుడగ ఉబ్బి నీళ్ళను దూదిలోంచి ఇవతలికి తోస్తుంది, గుడ్లు మునిగిపోతాయి. రాణిని లోపలికి వదిలి మూతికి పొడి దూది పెట్టి, గొట్టానికి నల్లకాగితం చుట్టాలి.

రాణి దొరికేది తొలకరి వానల తర్వాత, రెక్కల చీమలు లేచినప్పుడు. ఉసిళ్ళను చూసి పొరబడకండి: వాటి నడుము లావు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. చీమకు నడుము సన్నం, ముందు రెక్కలే పెద్దవి. రెక్కలు రాల్చేసి నేలమీద తిరుగుతున్న లావుపాటి గండుచీమ అయితే జతకట్టిన రాణి అయ్యే అవకాశం ఎక్కువ. ఎర్ర చీమలు పిల్లలకు వద్దు, కుడతాయి. గండుచీమకు కొండి లేదు గానీ గట్టిగా కరుస్తుంది, కాబట్టి చేత్తో పట్టుకోకుండా సన్న కుంచెతో ఎక్కించుకోవాలి.

గండుచీమ రాణికి తొలి పనిచీమలు వచ్చేదాకా మేత అక్కర్లేదు. ఎగరడానికి వాడిన కండరాలను కరిగించుకుని పిల్లల్ని సాకుతుంది. మన వేడికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. పిల్లల ఓపికకు అసలు పరీక్ష ఇక్కడే. రోజూ కాగితం తీసి చూసినా, గొట్టాన్ని తట్టినా రాణి బెదిరి తన గుడ్లు తానే తినేస్తుంది. వారానికి ఒక్కసారి, ఒక్క నిమిషం చూడనివ్వండి. ప్రతిసారీ బొమ్మ గీయిస్తే తేడా వాళ్ళకే తెలుస్తుంది. అందరూ చీమగుడ్లు అనుకునే గోధుమరంగు గింజలు నిజానికి ప్యూపా గూళ్ళు, అంటే లార్వా చీమగా మారే దశలో ఉండే పట్టుగూళ్ళు; అసలు గుడ్డు బొంబాయి రవ్వ నలుసంత ఉంటుంది.

పనిచీమలు వచ్చాక గొట్టం మూతిని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తెరవాలి. చెంచా పంచదారకు నాలుగు చెంచాల నీళ్ళు కలిపి, రేకు ముక్క మీద ఒక్క చుక్క. రెండు రోజులకు మార్చాలి. వారానికి రెండుసార్లు ఈగ ముక్కో, ఉడికిన గుడ్డు పచ్చసొన నలుసో. ఈగను వేడినీళ్ళలో ముంచి వేయండి. మందు కొట్టిన ఇంట్లో దొరికిన బొద్దింకను మాత్రం వేయకూడదు, గూడు మొత్తం పోతుంది. చీమల చాక్‌పీసు, దోమల స్ప్రే ఆ గదిలోకే రాకూడదు.

డబ్బా అంచు లోపలివైపు టాల్కం పౌడరును శానిటైజరులో కలిపి పూస్తే, ఆరాక చీమలు పైకి ఎక్కలేక జారిపడతాయి. వానాకాలంలో తేమకి ఆ పూత పట్టు తప్పుతుంది కాబట్టి వారానికోసారి కొత్తగా పూయాలి, లేదంటే తెల్లారేసరికి గోడ మీద ఉంటాయి.

అసలు వినోదం ఈ దశలో మొదలవుతుంది. ఒక చీమ తాగొచ్చి ఇంకోదాని నోటికి అందించడం కళ్ళారా కనబడుతుంది. బాగా తాగిన చీమ పొట్ట ఉబ్బి, నల్లటి పలకల మధ్య లేత చారలు తేలతాయి. చచ్చినవాటిని, తిని వదిలేసిన రెక్కల్ని ఒకే మూలకు మోస్తాయి. ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ మూలను కదిపి, మళ్ళీ ఎక్కడ పోగేస్తాయో చూడమనండి.

గొట్టంలో నీళ్ళు అడుగంటితే రాణిని బలవంతంగా దులపొద్దు. కొత్త గొట్టాన్ని పాతదాని మూతికి ఆనించి, కొత్తది కప్పి పాతదానికి వెలుతురు తగలనిస్తే వాటంతటవే మారతాయి. ఒక్కోసారి వారం కూడా పట్టొచ్చు. పనిచీమలు పాతిక ముప్పై దాటకముందే అక్రిలిక్ గూడు (గదులున్న పారదర్శక ప్లాస్టిక్ పెట్టె) కొనకండి. ఖాళీ గదుల్లో చెత్త పోగేస్తాయి, అంత చోటుకి తేమ నిలపడం కష్టం. కొన్నాక పైన ఎర్ర సెల్లోఫేన్ కాగితం పరవండి. చీమలకు ఎరుపు సరిగా ఆనదు కాబట్టి, అవి చీకటే అనుకుంటాయి, పిల్లలకు మాత్రం లోపల జరిగేదంతా కనబడుతుంది.