400 వోల్టులా, 800 వోల్టులా?

ఎలక్ట్రిక్ కారు కొనేవారు 400 వోల్టుల బ్యాటరీ మేలా, 800 వోల్టులదా అని తేల్చుకోవాలి. ఫాస్ట్ చార్జింగ్‌కు పెద్ద అడ్డు కేబుల్‌లో పుట్టే వేడి. ద్రవంతో చల్లబరిచే సీసీఎస్ (ఫాస్ట్ చార్జింగ్‌కు వాడే ఒక ప్రామాణిక ప్లగ్) కేబుల్ అయినా సాధారణంగా 500 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఆ కరెంటుతో 400 వోల్టుల బ్యాటరీకి అందేది 200 కిలోవాట్లు, 800 వోల్టులదానికి 400. అదే పవర్‌ను 800లో పంపితే కరెంటు సగం చాలు, తీగలో వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. దూర ప్రయాణాలు చేసేవారికి 800 వైపు మొగ్గమని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

చిక్కల్లా పాత చార్జర్ల దగ్గరే. 400 వోల్టుల కార్ల కోసం పెట్టిన, 500 వోల్టులు దాటని చార్జర్‌కు తగిలిస్తే 800 వోల్టుల బ్యాటరీ నేరుగా చార్జవదు, కారులోనే వోల్టేజీ పెంచుకోవాలి. 2019లో వచ్చిన పోర్షే టైకాన్‌లో దీనికి విడిగా కన్వర్టర్ ఉంది. హ్యుందాయ్ అయానిక్ 5 మోటారును, దానికి బ్యాటరీ కరెంటును ఏసీగా మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌నే ఆ పనికి వాడుకుంటుంది. ఆ దారిలో వేగం బాగా తగ్గుతుంది. అందుకే కొనేముందు "400 వోల్టుల చార్జర్ మీద గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు?" అని తప్పక అడగండి. సరైన 350 కిలోవాట్ల చార్జర్ దొరికితే మాత్రం అయానిక్ 5 పది నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతోంది.

చలిలో రెండూ నెమ్మదిస్తాయి. బ్యాటరీని ముందే వేడెక్కించే సదుపాయం ఉందో లేదో చూసుకోండి.

రాత్రిపూట ఇంట్లో 7 కిలోవాట్లతో చార్జ్ చేసుకునేవారికి ఈ తేడా కనిపించదు. వాళ్లకు 400 చాలు. 800 వోల్టుల కార్లలో ఎక్కువగా వాడే సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఇన్వర్టర్‌కు అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.