లేహ్ దారిలో పెట్రోల్: పొదుపా, అదనపు క్యానా?

మనాలి నుంచి లేహ్ వెళ్లేవాళ్లకు తాండి బంకు దగ్గరి బోర్డు బాగా తెలుసు: తర్వాతి బంకు 365 కి.మీ. దూరంలో అని. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. లీటరుకు 30 ఇస్తే 450 కి.మీ., లెక్కకు సరిపోతుంది. కానీ దారిలోని బారాలాచా లా, తంగ్లాంగ్ లా కనుమలు ఎక్కేటప్పుడు చిన్న గేర్లలో మైలేజీ పడిపోతుంది.

ఒకే వేగంతో నెమ్మదిగా నడపడం, టైర్లలో గాలి సరిచూసుకోవడం పైసా ఖర్చులేని పద్ధతి. చదును రోడ్డు మీద పనిచేస్తుంది, ఘాట్‌లో అంతగా కాదు.

5 లీటర్ల జెర్రీ క్యాన్ (పెట్రోల్ తీసుకెళ్లే గట్టి డబ్బా) ఉంటే, లీటరుకు 25 వచ్చినా మరో 125 కి.మీ. టెన్షన్ లేదు. నా ఓటు దీనికే. బరువు కాస్త పెరుగుతుంది, కాబట్టి వీలైనంత కిందికి కట్టాలి. నీళ్ల సీసాల్లో మాత్రం పోసుకెళ్లొద్దు (చాలామంది చేసేది అదే!). క్యాన్‌ని మూతదాకా నింపొద్దు, ఎండకు పెట్రోల్ వ్యాకోచిస్తుంది.